పెద్దాయనకు మాట పడిపోయిన దసరా

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లు మూసుకుని రాయి విసిరితే ఏదో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డుకే తగిలేది. సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం కాబట్టి రాళ్లకూ కొదవ లేదు. మా బోర్డు మీద మాత్రం చిన్న గీత కూడా పడలేదు. మా సారు ముందుచూపు గలవాడు. కోర్సుల పేర్ల పైన, వాటికన్నా పెద్ద అక్షరాలతో, జై తెలంగాణ అని రాయించి పెట్టాడు.

నేను అక్కడ యునిక్స్ చెప్పేదాన్ని, ల్యాబ్ కూడా చూసుకునేదాన్ని. మిఠాయి దుకాణం మీద రెండో అంతస్తు మాది. కింద నుంచి నెయ్యి వాసన పైకి వస్తుంటే, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలకు పాఠం చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్లకే తెలుస్తుంది. మాది నల్గొండ దగ్గర పల్లె. మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఇంట్లో బయటివాళ్ల చేత 'మేడమ్' అనిపించుకున్న మొదటి మనిషిని నేనే. మా అమ్మ చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా పక్కవాళ్లకు నా ఉద్యోగం గురించి చెప్పేది. దేవుడు వింటున్నాడు కదమ్మా అంటే, ఆయనకూ తెలియనీ అనేది.

ఇక పెద్దాయన సంగతి. ఎక్కడో మూతపడ్డ కంపెనీ సామాను వేలం వేస్తే మా సారు పాడి తెచ్చిన యునిక్స్ వర్క్‌స్టేషన్ అది. బాలాపూర్ వినాయకుడి లడ్డూకు పాడినట్టు పాడి తెచ్చాడని గుంటూరు సారు వెక్కిరించేవాడు. గుంటూరు సారంటే మా దగ్గర నెట్‌వర్కింగ్ చెప్పే ఆయన. ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ కోస్తా మనిషి. మిగతా ఇన్‌స్టిట్యూట్లు మామూలు కంప్యూటర్లలో ఏదో ఒకటి ఎక్కించి ఇదే యునిక్స్ అని చెప్పేవి. మా దగ్గర అసలుది ఉండేది. ట్రంకు పెట్టె అంత డబ్బా, ఇద్దరు మోయవలసిన మానిటర్, దానికి మాత్రమే పట్టే తీగలు, దానికి మాత్రమే పట్టే కీబోర్డు. ఇందులో ఏది పోయినా హైదరాబాద్ అంతా వెతికినా దొరకదు. ఆ సంగతి కొన్నాక తెలిసింది.

పెద్దాయన ముఖ్యమైన పని పాఠం చెప్పడం కాదు, తండ్రులను ఒప్పించడం. కొడుకును చేర్పిద్దామా వద్దా అని నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి తండ్రులు వచ్చేవారు. మా సారు వాళ్లను పెద్దాయన ముందు కూచోబెట్టి స్విచ్ వేసేవాడు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు వరసగా దిగేవి. "సూస్తున్నరా? లోపల ఉన్నయన్నీ ఒక్కొక్కటి పేరు పిలిచి హాజరు తీసుకుంటుంది" అనేవాడు మా సారు. బడిలో హాజరు తెలియని తండ్రి ఉండడు కదా. తల ఊపి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, సరే అనేవాడు. ఆ అక్షరాలు దిగకపోతే మా దగ్గర కొత్త బ్యాచ్ లేదన్నమాట.

ఆ సమ్మెలో బస్సులు ఆగాయి, బొగ్గు ఆగింది, బొగ్గు ఆగినందుకు కరెంటూ ఆగుతూ ఉండేది. గుంటూరు సారు ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చేవాడు. దారిలో కొత్తపేటలో జామకాయలు కొనుక్కుని, తింటూ, చెమట తుడుచుకుంటూ మెట్లెక్కేవాడు.

"రాష్ట్రం తీసుకుంటే తీసుకోండి సార్, నాకేం అభ్యంతరం లేదు. ముందు ఒక్క బస్సు ఇప్పించండి" అనేవాడు.

"రాష్ట్రం ఒచ్చినంక మీ ఇంటి ముంగటికే బస్సు పంపిస్త. జర ఓపిక వట్టు" అనేవాడు మా సారు. ఇద్దరూ ఇలా పొద్దంతా పోట్లాడుకుని, మధ్యాహ్నం ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టేవారు. గోంగూర దగ్గర మాత్రం రాష్ట్రం ఒకటిగానే ఉండేది.

దసరా సెలవులకు ముందు రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యుపిఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. యునిక్స్ మెషిన్‌ను స్విచ్ నొక్కి ఆపకూడదు. సర్దుకో, ఆగిపో అని దానికి చెప్పాలి. అది లోపలి పనులన్నీ సర్దుకుని, ఇక ఆపుకోవచ్చు అని చెప్పిన తరవాతే స్విచ్ ముట్టుకోవాలి. పిల్లలకు మొదటి రోజు నేను చెప్పే మొదటి పాఠమే అది. ఆ రోజు కూడా యుపిఎస్ నా చెవిలో అరుస్తుండగా, చెప్పవలసిన మాట చెప్పి, అది సరే అనేదాకా నిలబడి, స్విచ్ ఆపి ఇంటికి నడిచాను.

సెలవులు అయిపోయి తిరిగి వచ్చేసరికి ల్యాబ్‌లో ప్రతి మానిటర్‌కూ పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. మా సారు పెద్దాయన ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పచ్చదీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

"లాస్ట్‌కు బంద్ జేసింది ఎవరు?" అన్నాడు.

"నేనే సార్. మంచిగనే బంద్ జేసిన."

"మంచిగ జేస్తే గిట్లెందుకైతది? కరెంటు పోంగనే గాబరల వైరు గుంజినవ్."

"గుంజలే సార్."

"గుంజినవ్ బిడ్డా. ఒప్పుకుంటే ఏంబోతది?"

"గుంజకపోయినా ఒప్పుకోవాల్నా సార్?"

ఆ మాట నేను కొంచెం గట్టిగానే అన్నాను. నాకు కోపం వస్తే గొంతు నా మాట వినదు. మా సారు ముఖం ఎర్రబడింది.

"ఆదివారం నల్గొండ నుంచి జీపుల నాయినలు ఒస్తున్నరు. సమ్మె ఉన్నా ఒస్తమన్నరు. గప్పటికి పెద్దాయన లేవాలె. లేవకపోతే సోమవారం నుంచి నువ్వు రాకు" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అంతకన్నా పెద్దది టీ తాగడానికి కిందికి దిగాక తెలిసింది. మా సందులో ఒక టీ బండి ఉండేది. చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్ల ఓనర్లు, సార్లు అందరూ అక్కడే చేరేవాళ్లు. మా సారు నాకన్నా ముందే అక్కడికి వెళ్లి వచ్చాడు. ఎదురు బిల్డింగులో డేటాబేస్ కోర్సులు నడిపే ఓనరు నన్ను చూసి గ్లాసు దించి, "ఏం మేడమ్, పెద్దాయన్ను పైకి పంపిన్రంట?" అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను టీ తాగకుండానే వెనక్కి వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ మాట అన్ని ఇన్‌స్టిట్యూట్లకూ పాకడానికి ఒక గ్లాసు టీ చల్లారే సమయం చాలు. మెషిన్‌ను చంపిన మనిషిని ఇక ఎవరు తమ ల్యాబ్‌లో నిలబెట్టుకుంటారు? అమ్మ చర్చిలో ఏం చెప్పుకుంటుంది?

ఆ పూట మెట్ల మీద కూచుని కాసేపు ఏడ్చాను. తరవాత ముఖం కడుక్కుని స్క్రూ డ్రైవర్ తీసుకున్నాను.

ముందు మానిటర్‌ను అనుమానించాను. దాని తీగ పీకేస్తే, నాకు ఏమీ రావడం లేదు అని చెప్పడానికి అది తనంతట తానే రంగు పట్టీలు చూపిస్తుంది. పీకాను, చూపించింది. కాబట్టి మానిటర్ బాగుంది, దానికి పెద్దాయన నుంచి ఏమీ అందడం లేదు, అంతే.

గుంటూరు సారు వచ్చి జామకాయ నముల్తూ, "మెమరీ అండీ, నూటికి నూరుపాళ్లు మెమరీయే. తీసి రబ్బరుతో రుద్ది పెడితే లేచి కూచుంటుంది" అన్నాడు. ఆయనకు ఏ జబ్బుకైనా ఒకటే మందు, పెన్సిల్ రబ్బరు. ఇద్దరం డబ్బా విప్పాం, మెమరీ కార్డులు తీశాం, రుద్దాం, పెట్టాం. దీపం, ఫ్యాను, నల్లటి తెర. "ఇంకోసారి రుద్దుదామా?" అన్నాడు. "బొమ్మలు చెరుపుకోండి దాంతో" అన్నాను.

మర్నాడు మా సారు తన వంతు వైద్యం చేశాడు. దిష్టి తగిలిందని నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి పెద్దాయన మెడకు కట్టాడు. ఆ పూటంతా ఫ్యాను గాలికి ల్యాబ్ మొత్తం మిరపకాయ ఘాటు కొట్టింది. గుంటూరు సారు వరసగా తుమ్ముతూ, "ఇది కూడా మావాళ్ల కుట్రేనంటారా సార్?" అని అడిగాడు.

"గావచ్చు. మిరపకాయ గుంటూరుదే" అన్నాడు మా సారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మీద కోపంగా ఉన్నానని గుర్తొచ్చి ఆపుకున్నాను.

ఇద్దరూ భోజనానికి వెళ్లాక నేను ఒక్కదాన్నే పెద్దాయన పక్కన నేల మీద కూచుని, మళ్లీ స్విచ్ వేసి, డబ్బాకు చెవి ఆనించాను. బాగున్న రోజుల్లో అది లేచేటప్పుడు లోపల డిస్కు చేసే చప్పుడు నాకు మా ఇంటి కుక్కరు కూత అంత తెలుసు. ముందు పొడుగ్గా గరగర, కాసేపు ఊపిరి బిగబట్టినట్టు ఆగడం, తరవాత రెండుసార్లు గర్‌గర్‌మని, చాలాసేపు టిక్కు టిక్కు. ఇప్పుడూ అంతే. ఒక్క చప్పుడు తక్కువ కాలేదు. సగంలో చచ్చిపోయే మెషిన్ చివరిదాకా చప్పుడు చెయ్యదు. పెద్దాయన పోలేదు. లేచి కూచుని, నోరు మూసుకుని ఉన్నాడు.

గుంటూరు సారు చేతులు కడుక్కునే లోపలే గుమ్మం దగ్గర పట్టుకున్నాను. "సార్, మీ నెట్‌వర్క్ ఆన్ జెయ్యుండ్రి. పెద్దాయన్ను పిలిచి చూద్దాం."

కరెంటు కోతల భయానికి ఆయన నెట్‌వర్క్ పెట్టెలన్నీ సెలవుల ముందే ఆపి, బట్టలు కప్పి పెట్టాడు. వాటిని తన పిల్లల్లా చూసుకునేవాడు. బట్టలు తీసి, తీగలు పెట్టి, పక్క కంప్యూటర్ నుంచి పెద్దాయనను పిలిచాం. ఒక మెషిన్ ఇంకో మెషిన్‌ను 'ఉన్నావా?' అని అడగడం, అది 'ఉన్నాను' అనడం, అంతే ఆ పిలుపు. కొట్టగానే వరసగా జవాబులు వచ్చాయి. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.

"ఓరి వీడి దుంప తెగ! బతికే ఉన్నాడండీ!" అని గుంటూరు సారు తడి చేతులతోనే చప్పట్లు కొట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క కంప్యూటర్ లోంచే పెద్దాయన లోపలికి వెళ్లి చూశాను. ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి, డిస్కుకు చిన్న దెబ్బ కూడా లేదు. వైరు గుంజి ఉంటే ఇంత శుభ్రంగా ఉండదు. అదే మా సారుకు చెబితే పెదవి విరిచాడు.

"లోపల మంచిగుంటే ఏం లాభం? నాయినలు సూసేది తెర. తెర మీద అక్షరాలు దిగాలె" అన్నాడు. కళ్లకు కనపడనిది ఆయన నమ్మడు, దేవుణ్ని తప్ప.

మరి అక్షరాలు ఎక్కడికి పోతున్నట్టు? పెద్దాయన మాట్లాడుతున్నాడు, మా వైపు తిరిగి మాట్లాడటం లేదు. అప్పుడు తట్టింది. ఇలాంటి వర్క్‌స్టేషన్లకు వెనక ఒక రేవు ఉంటుంది, సీరియల్ పోర్టు అంటారు. తెరా కీబోర్డూ లేని చోట, ఆ రేవుకు తీగ తగిలించి వేరే కంప్యూటర్ నుంచి దీనితో మాట్లాడొచ్చు. గుంటూరు సారు సొరుగంతా బోర్లించి ఆ తీగ ఒకటి వెతికి తీశాడు. పక్క కంప్యూటర్‌కు తగిలించి, పెద్దాయనను ఆపి, మళ్లీ లేపాను. పక్క కంప్యూటర్ తెర మీద టకటకా అక్షరాలు దిగాయి. పై వరసలోనే ఉంది సంగతంతా: కీబోర్డు లేదు, కాబట్టి ఈ రేవు నుంచి మాట్లాడుతున్నాను.

మేమిద్దరం ఒకేసారి కీబోర్డు వైపు చూశాం. అది ఎదురుగానే ఉంది, తీగ తగిలించే ఉంది, నుదుటి మీద కుంకుమ బొట్టుతో పెళ్లికూతురులా మెరిసిపోతోంది. మామూలుగా స్విచ్ వెయ్యగానే దాని మీది చిన్న దీపాలు ఒకసారి వెలిగి ఆరాలి. అందరం తెరనే చూస్తూ కూచున్నాం గానీ, దీపాలు వెలగడం లేదని ఎవరమూ చూడలేదు. పెద్దాయన దృష్టిలో అక్కడ కీబోర్డే లేదు. కీబోర్డు లేని మనిషికి తెరతో ఏం పని అనుకుని, వెనక రేవు వైపు తిరిగి తన మాట తాను మాట్లాడుకుంటున్నాడు.

కీబోర్డును చేతిలోకి తీసుకున్నాను. సెలవులకు ముందు నా వేళ్ల మురికితో నల్లబడ్డ మీటలు ఇప్పుడు కొత్త పళ్లలా తెల్లగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. బోర్లించి మరలు విప్పాను. లోపల పసుపు నీళ్ల చారలు, తుప్పు, ఉప్పు పొడి. పొడుగు మీట కింద ఏదో నార ఇరుక్కుని ఉంది. జడపిన్నుతో లాగాను. నార చివర గోధుమరంగు గుజ్జు.

"చింతపండు" అన్నాను.

"చింతపండేంటండీ?"

"ఇత్తడి చెంబులు దేంతోటి తోముతరు సార్ మీ ఇంట్ల?"

 ఎవరు తోమారో గుంటూరు సారుకూ అర్థమైంది. మా సారు తల్లి. ఆయుధపూజకు కొడుకు ఆయుధం ఇంటికి తెమ్మని ఆవిడ ఏటా అడుగుతుందని, ఈసారి తీసుకుపోయానని మా సారే ఆ పొద్దున మాటల్లో చెప్పాడు. లారీకి స్టీరింగు ఎట్లనో కంప్యూటర్‌కు కీబోర్డు గట్ల, చెయ్యి పెట్టేది గదే గదా అని కూడా అన్నాడు. పూజలో పెట్టారని మాకు తెలుసు. పూజకు ముందు ఏం చేశారో తెలియదు.

"వెళ్లి చెప్పేయండి" అన్నాడు గుంటూరు సారు.

"నేను చెప్తే నమ్ముతడా? చేసింది చేసి ముసలామె మీదికి తోస్తుందంటడు. టీ బండి కాడ గది గూడ చెప్పుకుంటరు. ఆదివారం ఆమె ఒస్తది కదా, ఆమెనే చెప్పనీయుండ్రి."

ప్రతి కొత్త బ్యాచ్‌కూ కొబ్బరికాయ కొట్టడానికి ఆవిడ రావడం ఆనవాయితీ. ఆదివారం పొద్దున కొడుకు స్కూటర్ వెనక కూచుని వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా ఆగి, నేను మంచినీళ్లు ఇచ్చి పక్కన కూచున్నాను. మా సారు అగరువత్తులు వెలిగిస్తున్నాడు. గుంటూరు సారు ఎందుకూ పనికిరాని తీగ ఒకటి శ్రద్ధగా చుడుతున్నాడు.

"పండుగ మంచిగ జేసిన్రా అమ్మా?" అన్నాను.

"మంచిగ జేసినం బిడ్డా. మా ఆయన లారి స్టీరింగు పూజల వెడ్త గదా ఏటేట. ఈపారి మావోని ఆయుధం గూడ దాని పక్కకే వెట్టిన."

"మరి దాని మీద మస్తు మురికి ఉండె గదమ్మా. గట్లనే పెట్టిన్రా?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "గట్లెట్ల పెడ్తరే? నాగలైనా కత్తయినా కడగకుండ పూజల వెడ్తరా? నీళ్లు పోసి కడిగితే మురికి పోలే. చింతపండు వెట్టి, ఉప్పు జల్లి, ఇత్తడి చెంబు లెక్క తోమిన. ఎన్ని పండ్లున్నయే దానికి! ఒక్కొక్క పన్ను తోమేటాలకు నా నడుములు పోయినయి. తోమి ఎండల బోర్లేసిన. బంగారం లెక్క మెరిసింది."

మా సారు చేతిలో అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది. గుంటూరు సారు గోడ వైపు తిరిగి దగ్గు నటించాడు, భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

"ఏందిరా, మంచిగ నడుస్తుందా?" అంది ఆవిడ.

మా సారు ముందు నన్ను చూశాడు. అన్ని రోజుల్లో ఆయన తప్పు చేసినవాడిలా నన్ను చూడడం అదే మొదలు. "మంచిగ నడుస్తుందమ్మా" అన్నాడు.

నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, అమ్మకు చెప్పకు. నాయిన పోయినంక ఆమెకు పండుగంటే గా స్టీరింగు, నా ఆయుధం, గంతే. ఖరాబైందంటే మళ్లెప్పుడు ముట్టది."

"నేను చెప్ప సార్. కానీ కింద టీ బండి కాడ నా పేరు చెప్పింది మీరే కదా. గాడ మీరే తీసెయ్యాలె."

"కరెంటు వల్ల ఖరాబైందని చెప్త."

"కరెంటు పోయినప్పుడు బంద్ జేసింది గూడ నేనే సార్. మళ్ల నా మీదికే ఒస్తది."

 కింద జీపు హారన్ వినబడింది.

తండ్రులు పైకి వచ్చి పెద్దాయన ముందు కూచున్నారు. అక్షరాలు పక్క కంప్యూటర్‌లో దిగుతాయని మా సారుకు ముందే చెప్పి పెట్టాను. మా సారు వాళ్లకు పక్క కంప్యూటర్ చూపించి, నాకు సైగ చేశాడు. నేను స్విచ్ వేశాను. చిన్న తెర మీద అక్షరాలు దిగాయి, హాజరు మొదలైంది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి పెద్దాయన నల్లటి తెరను, పక్కనున్న చిన్న తెరను మార్చి మార్చి చూశాడు.

"గంత పెద్ద డబ్బ మాట గీ చిన్న దాంట్లకెల్లి ఎందుకొస్తుంది సారూ?"

"సమ్మెల ఉన్నది" అన్నాడు మా సారు, కన్ను ఆర్పకుండా. "పని బంద్ చెయ్యలే, మొఖం చూపియ్యనంటుంది."

తండ్రులు పగలబడి నవ్వారు. కొబ్బరికాయ కొట్టారు. బ్యాచ్ నిండింది. నేను అందరికీ కొబ్బరి ముక్కలు పంచుతున్నాను గానీ నా మనసు టీ బండి దగ్గరే ఉంది. ఈయన ఏదో ఒక సాకు వెతుక్కుంటాడు, నా పేరు అలాగే మిగిలిపోతుంది అనుకుంటుంటే లోపల మంట లేచింది. ఆయన తప్పించుకుంటే ఏమేమి అనాలో వరసగా పేర్చుకున్నాను. మంచి మంచి మాటలు కుదిరాయి కూడా.

తల్లిని పైన ఫ్యాను కింద కూచోబెట్టి, మా సారు తండ్రులందరినీ టీకి తీసుకొచ్చాడు. నేనూ గుంటూరు సారూ వెనకే దిగాం. బండి చుట్టూ ఆదివారం క్లాసుల వాళ్లంతా ఉన్నారు. ఎదురు బిల్డింగు ఓనరు చూడనే చూశాడు.

"ఏం సార్, లేచిండా మీ పెద్దాయన? లేక మేడమ్ చేతుల్నే పోయిండా?"

మా సారు టీ గ్లాసు తీసుకోలేదు. "మేడమ్ ఏం జెయ్యలే. మంచిగ బంద్ జేసింది. నేనే ఉత్తగ ఆమెను అన్న" అన్నాడు. "కీబోర్డు ఖరాబైంది. దాన్ని నేను చింతపండు వెట్టి తోమిన."

ఎదురు ఓనరు గ్లాసు నోటి దగ్గరే ఆపాడు.

"చింతపండా?"

"ఆ. దసరాకు ఆయుధం కడగాలె గదా. ఉప్పు గూడ జల్లిన. ఒక్కొక్క పన్ను తోమిన. తోమి ఎండల బోర్లేసిన."

అన్నీ తల్లి మాటలే. ఒక్కటి కూడా వదలకుండా, ఒక్కటి కూడా ఆవిడవి అనకుండా తన మీద వేసుకున్నాడు. టీ బండి దగ్గర నవ్వు లేచింది. కొందరు బెంచీ మీద చరిచారు. ఎదురు ఓనరు టీ ఒలకబోసుకున్నాడు. ఇప్పుడే పిల్లలను చేర్పించిన తండ్రుల్లో ఒకరు, "కంప్యూటర్ జెప్పే సారే చింతపండుతోటి తోమితే మా పోరగాండ్లకు ఏం నేర్పుతరయ్యా?" అన్నాడు. మా సారు చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లిపోలేదు. నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడి, నవ్విన ప్రతివాడి ముఖమూ చూశాడు.

నేను పేర్చుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. నా కోపం పోయింది. పోవడం నాకు నచ్చలేదు. ఇంకొన్నాళ్లు దాచుకుందామనుకున్న కోపం అది. తల్లి కోసం ఒక మనిషి వీధిలో నిలబడి నవ్వులపాలవుతుంటే ఎట్లా దాచుకోను?

ఆయన నా వైపు తిరిగాడు. "ఇంకేమన్న మిగిలిందా బిడ్డా?"

"లేదు సార్. అంత చెప్పిన్రు" అన్నాను.  గుంటూరు సారు నన్ను చూసి, పక్కకు జరిగి, బెంచీ మీద చోటు చేశాడు. ఎదురు ఓనరు తన కోసం పోయించుకున్న టీ గ్లాసు నాకు అందించి, "తాగుండ్రి మేడమ్" అన్నాడు. నేను కూచుని తాగాను.